అస్పష్టత మీద మోపిన నేరం

స్పష్టంగా మాట్లాడలేనివారు స్పష్టంగా ఆలోచించలేరన్న అభిప్రాయం బడి పాఠాల్లోనూ వ్యక్తిత్వ వికాస తరగతుల్లోనూ తిరుగులేని సూత్రంగా చలామణి అవుతోంది. ‘ఏదో’, ‘నాలుగైదు’, ‘చూద్దాం’, ‘కాఫీ గీఫీ’ వంటి మాటలు బద్ధకానికి గుర్తులని ఈ పక్షంవారు తేల్చేస్తారు. జార్జ్ ఆర్వెల్ 1946లో ఆంగ్ల రాజకీయ రచనను దుయ్యబడుతూ రాసిన వ్యాసాన్ని ఇందుకు సాక్ష్యంగా తెచ్చేవారూ ఉన్నారు గాని, అరుగు మీది కబుర్లు ఆయన గురిలో లేవు. సందేహం కలిగించే వాక్యాన్ని కావ్యదోషాల్లో చేర్చిన సంస్కృత ఆలంకారికుడు దండి సైతం, కావాలనే ఆ సందేహాన్ని కలిగించినప్పుడు అది దోషం కాదు, అలంకారమేనని ‘కావ్యాదర్శం’లో మినహాయింపు ఇచ్చాడు. నేటి భాషా సంస్కర్తలకు ఆపాటి ఔదార్యం కూడా లేకపోయింది.

ప్రతిధ్వని పదాలనే తీసుకుంటే, అంటే ఒక మాట వెంట దాని మొదటి అక్షరాన్ని హ్రస్వమైతే ‘గి’గా, దీర్ఘమైతే ‘గీ’గా మార్చి పలికే జంట మాటలను పరిశీలిస్తే, ఆరోపణలోని డొల్లతనం బయటపడుతుంది. తెలుగుకే పరిమితం కాని ఈ నిర్మాణం మీద, నీలగిరుల్లోని తోడా భాష ఆధారంగా, భాషాశాస్త్రవేత్త ఎం. బి. ఎమెనో 1938లోనే ప్రత్యేక వ్యాసం రాశారు. పొలానికి వెళ్లేవారితో ‘పాములూ గీములూ ఉంటాయి, జాగ్రత్త’ అన్నప్పుడు తేలూ జెర్రీ కూడా ఆ హెచ్చరికలోకి వస్తాయని, సీతాకోకచిలుక మాత్రం రాదని వినేవారికి వేరే చెప్పనక్కరలేదు. అంటే ఆ మాటకు హద్దులు లేవనడం సరికాదు, ఆ హద్దులను జాబితాగా గాక ఉమ్మడి అనుభవంగా ఇద్దరూ ఎరిగి ఉన్నారు. అలాగే ‘కాఫీ గీఫీ తాగుతారా?’ అన్న ప్రశ్న టీ అడగడానికీ మజ్జిగ చాలనడానికీ అతిథికి వీలు మిగులుస్తుంది. వ్యాకరణం ఇంత నియమబద్ధంగా సమకూర్చిన సాధనాన్ని బద్ధకమనడం సాహసమే.

సంఖ్యల విషయంలో అస్పష్టత నిజాయితీకి మరో రూపం. తత్త్వవేత్త హెచ్. పి. గ్రైస్ 1975లో అచ్చయిన ‘లాజిక్ అండ్ కాన్వర్సేషన్’లో, సంభాషణలో కావలసినంత సమాచారం ఇవ్వాలన్న నియమానికీ, ఆధారం లేనిది చెప్పకూడదన్న నియమానికీ ఘర్షణ వచ్చే సందర్భాన్ని చర్చించాడు, ఒక వ్యక్తి ‘దక్షిణ ఫ్రాన్సులో ఎక్కడో’ ఉంటున్నాడన్న జవాబును అక్కడ ఉదాహరించాడు. ఊరి పేరు తెలియనప్పుడు అంతకుమించి చెప్పడం కల్పన అవుతుంది. పని ఎన్నాళ్లు పడుతుందో తెలియని మేస్త్రీ ‘నాలుగైదు రోజులు’ అన్నప్పుడు తన అంచనానే గాక దాని అనిశ్చితిని కూడా తెలియజేస్తున్నాడు. ‘నాలుగు రోజుల ఆరు గంటలు’ అంటే అది అబద్ధపు కచ్చితత్వం.

అప్పు అడిగినవారికి ‘చూద్దాం’ అని జవాబివ్వడం మోసమన్న ఆక్షేపణ కాస్త గట్టిదే. ఆ మాటను నమ్మి ఎదురుచూసేవారు లేకపోలేదు. అయినా చాలా సందర్భాల్లో ఇద్దరికీ దాని భావం తెలుసు గనుక, కాదన్న సమాధానం అందుతుంది, రాకపోకలూ తెగవు. అర్థం కాకపోతే ‘ఇస్తావా, ఇవ్వవా?’ అని నిలదీసే అవకాశమూ అక్కడే ఉంటుంది. కార్యాలయపు ఉత్తరంలో ‘తగు చర్యలు తీసుకోబడును’ అన్న వాక్యాన్ని అలా నిలదీయడానికి వీల్లేదు; చర్య ఏమిటో, తీసుకునేది ఎవరో, ఎప్పటిలోగానో అందులో కనిపించవు. అస్పష్టత మీద ఆగ్రహించదలచినవారు ముందుగా చదవవలసింది ఆ ఉత్తరాలనే.