తీర్మానం పుస్తకంలో నా సంతకం

మొన్న కార్తీక వనభోజనాలకి మా చుట్టాల కొబ్బరితోటకి వెళ్ళాం. ఉసిరి కొమ్మ దగ్గర పూజ అయ్యాక ఆడవాళ్ళమంతా చాపలేసుకుని కూరలు తరుగుతుంటే మాటలు పిల్లల చదువుల మీదకి మళ్ళాయి. నాకు వదిన వరసయ్యే ఆవిడ ఒకరు, వంకాయ ముచ్చిక కోస్తూ, "మీ ఊరి బడిలో ఇరవై మూడు మంది పిల్లలకి ఇద్దరు టీచర్లటగా! ఎవరి సొమ్మమ్మా అది? ఎత్తేస్తే పోలా!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే అదే బడిలో తొంభై నాలుగు మంది పిల్లలున్న రోజులు నాకు తెలుసు. వాళ్ళు ఎటు పోయారో కూడా తెలుసు. వాళ్ళు పోవడానికి పనికొచ్చిన కాగితం మీద నా సంతకం ఉంది. వదినకి అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే. కాఫీ కలుపుకుని కూర్చోండి.

2021 సంగతి గుర్తుందా? కరోనా రెండో దెబ్బకి ఇళ్ళన్నీ కుదేలైపోయాయి. ఫోన్లో పాఠాలకి కూడా పూర్తి ఫీజు కట్టమనేసరికి చాలామంది పిల్లల్ని ప్రైవేటు స్కూళ్ళ నుంచి తీసుకొచ్చి సర్కారు బడిలో వేశారు. మేమూ వేశాం. అప్పటికి మా చిన్నది మూడో తరగతి. నాడు-నేడు కింద బడికి రంగులేశారు, బల్లలొచ్చాయి, మరుగుదొడ్లు బాగుచేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. యాభై అరవై మధ్య ఉండే పిల్లలు ఒక్కసారిగా తొంభై నాలుగు అయ్యారు. రాష్ట్రమంతా ఆ రెండేళ్ళూ ఇదే వరస. సర్కారు బళ్ళలో పిల్లలు పెరిగారు.

టీచర్లో? ఇద్దరే. తొంభై నాలుగు మంది, ఐదు తరగతులు, ఇద్దరు మనుషులు. అందులో ఒకరు హెడ్మాస్టరు. ఆయనకి పొద్దున్నే మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టడం, భోజనం ఫొటో పెట్టడం, హాజరు పెట్టడం, సర్వర్ పనిచెయ్యకపోతే మళ్ళీ పెట్టడం. మిగిలిన ఒక్క టీచరమ్మ వరండాలో ఒక తరగతి, గదిలో రెండు తరగతులు కూర్చోబెట్టుకుని అటూ ఇటూ తిరిగేది. వాళ్ళని నేను తప్పుపట్టను. రెండు పొయ్యిల మీద ఐదు గిన్నెలు పెట్టి ఏదీ మాడకూడదంటే ఎవరి వల్లవుతుంది?

ఇక్కడ చట్టం ఏమంటుందో చెప్పాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రాథమిక పాఠశాలకి లెక్క స్పష్టంగా రాసిపెట్టింది. అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 దాకా ముగ్గురు. 91 నుంచి 120 దాకా నలుగురు. అంటే మా బడికి నలుగురు రావాలి. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పది శాతం దాటకూడదనీ, జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప టీచర్లకి చదువుకి సంబంధం లేని పనులు చెప్పకూడదనీ కూడా అదే చట్టంలో ఉంది. ఇవేవీ అప్పుడు నాకు తెలియవు. తెలుగు బీఏ చదివాను, ప్రబంధాలకి అర్థాలు చెప్పగలను, నా కూతురి బడికి ఎంతమంది పంతుళ్ళు రావాలో మాత్రం తెలియదు.

ఇలా తెలియకుండానే ఆ ఏడాది తల్లిదండ్రుల కమిటీలో మెంబర్నయ్యాను. చీర కట్టుకుని వెళ్ళి, టీ తాగి, సంతకం పెట్టి రావడమే కమిటీ అనుకున్నాను. మూడు మీటింగులకి వెళ్ళాను. బియ్యం, గుడ్లు, చిక్కీలు, ఆయా జీతం గురించి మాట్లాడుకున్నాం. ఇంకో ఇద్దరు టీచర్లు కావాలని ఒక్కరం కూడా అనలేదు. పైనుంచి వస్తారులే అనుకున్నాం.

పైనుంచి వచ్చింది టీచర్లు కాదు, జీవో. 2022 జూన్‌లో వచ్చిన 117 నంబరు జీవో. కిలోమీటరు లోపు హైస్కూలుంటే మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని అక్కడికి పంపెయ్యమన్నారు. ఊరి బడిలో ఒకటి, రెండు మిగుల్తాయి. హెడ్మాస్టరు గారు తీర్మానం పుస్తకం తెచ్చారు. రాయాల్సింది ముందే రాసి ఉంది. తల్లిదండ్రులకి అభ్యంతరం లేదని. నా ముందు నలుగురు పెట్టారు, నేనూ పెట్టాను. అన్నం పొయ్యి మీద ఉంది, తొందరగా ఇంటికెళ్ళాలి. అదీ నేను చదవకపోవడానికి కారణం.

మ్యాప్ మీద కిలోమీటరే. కానీ మధ్యలో పంట కాలువుంది. డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఎదురుగా కనపడే ఇంటికి వెళ్ళాలన్నా వంతెన దాకా నడిచి తిరిగి రావాలి. ఆ వంతెన మీద ఇసుక లారీలు, ధాన్యం ట్రాక్టర్లు. ఎనిమిదేళ్ళ పిల్లని ఆ దారిన పంపడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? ఆ జూన్‌లోనే ప్రైవేటు స్కూలు వ్యాన్ మా రామాలయం దాకా రావడం మొదలెట్టింది. పెద్దవాణ్ణి ఎక్కించినవాళ్ళు ఒకటో తరగతి చిన్నవాణ్ణి కూడా అదే వ్యాన్‌లో ఎక్కించారు. ఇద్దర్నీ రెండు చోట్లకి ఎవరు దింపుతారు? రెండేళ్ళు తిరిగేసరికి మా బడిలో పిల్లలు పందొమ్మిది మంది.

ఇప్పుడు చెప్పండి. పిల్లలు లేక పంతుళ్ళు పోయారా, పంతుళ్ళు లేక పిల్లలు పోయారా?

కాదు, ఇంకో పక్క కూడా చూడాలి. ఒక్క టీచరు ఐదు తరగతులు చెప్పే కన్నా, నాలుగు ఊళ్ళ పిల్లల్ని ఒకచోట చేర్చి తరగతికో టీచర్ని ఇస్తే చదువు బాగుంటుంది కదా అని అధికారులంటారు. అందులో నిజముంది. నేను కాదనను. కానీ ఏది ముందు, ఏది వెనక? ముందు టీచర్ని వెయ్యండి, దారి చూపించండి, తర్వాత పిల్లల్ని పిలవండి. మేం ఇల్లు మారితే ముందు పొయ్యి, నీళ్ళు చూసుకుని తర్వాత పసివాణ్ణి తీసుకెళ్తాం. వాన పడుతుంటే బిడ్డని వీధిలో కూర్చోబెట్టి, ఉండు, ఇల్లు కడతాం అనం.

అసలు జబ్బు లెక్కలో ఉంది. బడిలో పిల్లల సంఖ్యని ఒక తేదీ నాటికి లెక్కకడతారు. ఆ లెక్క మీదే పోస్టులు ఉంచడం, తీసెయ్యడం. దీనికి రేషనలైజేషన్ అని పేరు. తగ్గిన బడి నుంచి టీచర్ని తీసెయ్యడం మహా చురుగ్గా జరుగుతుంది. పెరిగిన బడికి ఇవ్వడానికి మాత్రం డీఎస్సీ రావాలి. 2018 తర్వాత మళ్ళీ డీఎస్సీ ఎప్పుడొచ్చింది? 2025లో. 2018లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల 2025 జూన్‌కి ఎనిమిదో తరగతిలో కూర్చుంది. ఈ లోపల ఎంతమంది పంతుళ్ళు రిటైరయ్యారో! ధవళేశ్వరంలో ఏడేళ్ళకోసారి కాలువలకి నీళ్ళొదిలి, పంట ఎందుకు పండలేదని రైతుని అడిగితే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

సంక్రాంతికి అల్లుళ్ళొస్తారంటే మనం ఏం చేస్తాం? పోయినేడాది ఎంతమంది తిన్నారో చూసి బియ్యం నానబెడతామా? ఈ ఏడాది ఎవరికి పెళ్ళయింది, ఎవరికి పురుడొచ్చింది, ఎవరు సెలవు పెట్టుకుని వస్తున్నారు, అన్నీ కనుక్కుని, పైన ఇంకో నలుగురికి సరిపడా వేస్తాం. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా పొయ్యి వెలిగించి వండి పెట్టేదని మన పెద్దలు ఈనాటికీ చెప్పుకుంటారు. ఇప్పుడు బళ్ళలో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. పేరు పెట్టినందుకు సంతోషం. అన్నం విషయంలో ఆవిడ్ని తలుచుకున్నవాళ్ళు చదువు విషయంలో కూడా తలుచుకుంటే బాగుణ్ణు. వచ్చిన పిల్లకి విస్తరి వేశారు సరే, పలక పట్టించేవాళ్ళేరీ?

ఇక కొంతమందికి కోపం తెప్పించే మాట. 2020 నుంచి అమ్మ ఒడి అన్నారు, 2025లో తల్లికి వందనం అన్నారు. మొన్న జూన్‌లో పదమూడు వేలు తల్లుల ఖాతాల్లో పడ్డాయి, బడి కోసమని రెండు వేలు పట్టుకున్నారు. నేనూ తీసుకున్నాను. ఆ డబ్బుతో ఊపిరి పీల్చుకున్న ఇళ్ళు నాకు తెలుసు, వద్దనను. కానీ ఆ డబ్బు ప్రైవేటు బడికి పంపే తల్లికీ వస్తుంది, సర్కారు బడికి పంపే తల్లికీ వస్తుంది. మా వీధిలో చాలామందికి అది వ్యాన్ ఫీజు అయింది. ఒక చేత్తో బడి నుంచి పంతుల్ని తీసి, ఇంకో చేత్తో మనకి డబ్బిచ్చి, పిల్లని ఎక్కడికి పంపుతావో నీ ఇష్టం అంటే, అది మనకి గౌరవమా, తప్పించుకోవడమా? ఖాతాలో డబ్బు పడిన రోజు అందరం ఫోన్లు చేసుకున్నాం. బడిలో టీచరు పోస్టు పోయిన రోజు ఒక్క ఫోనైనా చేసుకున్నామా?

ప్రభుత్వాల్ని తిట్టడం సుళువు. మనం తక్కువ తిన్నామా? ఇదే గడ్డ మీద, ఆనకట్ట కట్టిన కొత్తల్లో, 1850ల్లో, నరసాపురం వైపు సబ్ కలెక్టరుగా టేలర్ అనే దొర ఉన్నప్పుడు, పల్లెల్లో బడులు నడపడానికి శిస్తు మీద అదనంగా కొంత కట్టుకుంటామని మన రైతులు ఒప్పుకున్నారు. 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం గారు ఆడపిల్లలకి బడి పెట్టారు. ఆడపిల్లకి చదువేమిటని ఊరు ఊరంతా నోరు చేసుకునే కాలంలో! అలాంటి చోట పుట్టి, మనం టీ తాగి సంతకం పెట్టి వచ్చాం.

2025లో 117 జీవో రద్దయింది. ఆదర్శ ప్రాథమిక పాఠశాలలని పెట్టి వాటిలో తరగతికో టీచరన్నారు. 16,347 పోస్టులకి మెగా డీఎస్సీ వేశారు. మా బడికి మళ్ళీ ఐదు తరగతులూ వచ్చాయి, ఒక కొత్త టీచరమ్మ కూడా వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, పలకల మీద అక్షరాలు దిద్దిస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. కానీ వ్యాన్ ఎక్కిన పిల్లలు దిగుతారా? అలవాటైన యూనిఫాం, కట్టేసిన ఫీజు, పక్కింటివాళ్ళ మాట. ఇప్పుడు బడిలో ఇరవై మూడు మంది. తొంభై నాలుగు మందికి ఇద్దరు టీచర్లున్న రోజున మా వదిన నోరెత్తలేదు. ఇరవై మూడు మందికి ఇద్దరనేసరికి పన్నుల సొమ్ము గుర్తొచ్చింది.

వదినా, ఆ ఇద్దరు టీచర్లూ దండగ కాదు. చట్టం ప్రకారం ఉండాల్సినవాళ్ళు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు. వాళ్ళని కూడా తీసేస్తే ఆ ఇరవై మూడు మంది ఎవరి పిల్లలో చూశావా? వ్యాన్ ఫీజు కట్టలేనివాళ్ళ పిల్లలు. చేపల చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళ పిల్లలు, గల్ఫ్ వెళ్ళిన తల్లులు అమ్మమ్మల దగ్గర వదిలేసిన పిల్లలు. వాళ్ళకి ఇంకో బడి లేదు.

అమ్మలూ, ఇప్పుడు అసలు సంగతి. ఈ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళుండాలని చట్టం. మనకి కుర్చీ వేసింది టీ తాగడానికి కాదు. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఆ కమిటీయే. రాబోయే మూడేళ్ళలో ఏ తరగతిలో ఎంతమంది పిల్లలుంటారు, ఇంకా ఎంతమంది టీచర్లు కావాలి అన్నది అందులో ఉండాలి. ఈ లెక్క మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఏ ఇంట్లో మూడేళ్ళ పిల్లుందో, ఎవరు హైదరాబాద్ నుంచి తిరిగొస్తున్నారో, ఎవరు ఫీజు కట్టలేక ఈ జూన్‌లో బడి మారుస్తారో మనకి తెలిసినట్టు కలెక్టరాఫీసుకి తెలుస్తుందా? అంగన్‌వాడీ రిజిస్టరు ముందు పెట్టుకుంటే ఒక మధ్యాహ్నం పని.

కాబట్టి వేసవి సెలవులకి ముందే ఆ లెక్క రాయండి. "ఇంతమంది పిల్లలు వస్తారు, చట్టం ప్రకారం ఇంతమంది టీచర్లు కావాలి" అని తీర్మానం పుస్తకంలో మీ మాటల్లో రాయించండి. ఒక కాపీ మండల విద్యాశాఖాధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. మీ ఇంట్లో పిల్లలు సర్కారు బడికి వెళ్ళకపోయినా, ఎత్తేస్తే పోలా అని నవ్వే ముందు ఒక్కసారి ఆ గేటు లోపలికి వెళ్ళి చూసి రండి.

2024 ఆగస్టులో మళ్ళీ కమిటీ ఎన్నికలు జరిగితే, హైస్కూలు తరఫున నిలబడమన్నారు. సిగ్గేసి రానన్నాను. అది నేను చేసిన రెండో తప్పు. ఈసారి నిలబడతాను. పుస్తకం నా ముందుకి వస్తే, పొయ్యి మీద అన్నం మాడినా సరే, చివరి అక్షరం దాకా చదివే సంతకం పెడతాను.