ఎత్తుకెళ్లినా పనికిరాని ల్యాప్‌టాప్

ఉరుగ్వే జనాభా హైదరాబాదు జనాభాలో సగం కూడా ఉండదు. ఆ దేశం 2007 మే నెలలో విల్లా కార్డాల్ అనే పల్లెలోని బడి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టి, 2009 అక్టోబరుకల్లా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలందరికీ ఇచ్చేసింది. సుమారు 3,62,000 మంది పిల్లలు, 18,000 మంది టీచర్లు. పథకం పేరు ప్లాన్ సెయిబాల్. తెలుపు, ఆకుపచ్చ రంగుల ఆ చిన్న యంత్రాలను బడిలో దాచలేదు. పిల్లలు సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లారు.

మరి దొంగల మాటేమిటి? ఒక్కో యంత్రానికీ ఒక గడువు పెట్టారు. పిల్లవాడు బడికొచ్చి అక్కడి వైఫైకి తగిలినప్పుడల్లా బడి సర్వర్ ఆ గడువును పొడిగిస్తుంది. పోయిందని ఫిర్యాదు అందితే ఆ సీరియల్ నంబరుకు పొడిగింపు ఆగిపోతుంది. గడువు దాటాక యంత్రం తెరుచుకోదు. ఎత్తుకెళ్లినవాడికి అమ్ముకుందామన్నా కొనేవాడుండడు. నెలల తరబడి బడి ఎగ్గొట్టిన పిల్లవాడి యంత్రం కూడా మూగబోతుందన్నది ఇందులో ఇబ్బందే. కానీ దాన్ని మళ్లీ లేపడానికి వాడు బడికే రావాలి కదా!

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం తాళం కాదు, పద్దు. యంత్రం, మరమ్మతు, టీచర్ల శిక్షణ, ఇంటర్నెట్ అన్నీ కలిపి పిల్లవాడికి 260 డాలర్లు అయిందనీ, ఆపైన ఏటా నిర్వహణకు 21 డాలర్లు పడుతుందనీ అప్పుడే లెక్క చెప్పారు. పిల్లల చేతిలో వస్తువు పగులుతుందని ముందే ఒప్పుకున్న ప్రభుత్వం అది.

అమెరికాలో పిల్లలకు యంత్రాలిచ్చే ఇదే పని రెండు చోట్ల రెండు రకాలుగా బెడిసికొట్టింది. లాస్ ఏంజెలెస్‌లో 2013లో ఐప్యాడ్లు పంచిన కొద్ది రోజులకే సుమారు 300 మంది పిల్లలు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, బడి పెట్టిన ప్రొఫైల్‌ను తీసిపారేసి, ఫేస్‌బుక్ చూసుకున్నారు. అధికారులు కంగారుపడి ఐప్యాడ్లను ఇంటికి పంపడమే ఆపేశారు. ఫిలడెల్ఫియా పక్కన లోయర్ మెరియన్‌లో జరిగింది ఇంతకంటే ఘోరం. పోయిన ల్యాప్‌టాప్‌లను పట్టుకోవడానికి పెట్టిన సాఫ్ట్‌వేర్, బడివాళ్లు దాన్ని ఆన్ చేస్తే చాలు, పదిహేను నిమిషాలకోసారి కెమెరాతో ఫొటో తీసి బడికి పంపేది, యంత్రం పిల్లవాడి పడగ్గదిలో ఉన్నా సరే. 2010 ఫిబ్రవరిలో ఒక కుటుంబం కోర్టుకెక్కింది. వేలకొద్దీ ఫొటోలు బయటపడ్డాయి. అక్టోబరులో అక్కడి బడుల యాజమాన్యం 6,10,000 డాలర్లు కట్టి రాజీపడింది.

మన దగ్గర 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి దాదాపు అయిదు లక్షల ట్యాబులు ఇచ్చింది. పాఠాలు తప్ప మరోటి తెరుచుకోకుండా సాఫ్ట్‌వేర్ కూడా వేసింది. అదలా ఉంచితే, మామూలు బడిలో కంప్యూటరు అంటే ఒక గది, ఒక తాళం, ఒక స్టాక్ రిజిస్టరు. పోతే జవాబు చెప్పాల్సింది హెడ్మాస్టరు. పాడైనా ఆయనే. తాళంచెవి జేబులో పెట్టుకుని తిరిగే హెడ్మాస్టరును నేను తప్పుపట్టలేను. ఆయన స్థానంలో ఎవరున్నా అంతే.

పైగా మన పిల్లలు ఒక యంత్రం ముందు ముగ్గురు నలుగురు కూర్చుంటారు. పొద్దున ఎనిమిదో తరగతి ముట్టుకున్నది మధ్యాహ్నం పదో తరగతి చేతికొస్తుంది. తలకొకటి ఇచ్చిన ఉరుగ్వే ఇక్కడ దారి చూపదు. అమెరికా బళ్లలో క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లు పంచుకునే తీరు నయం. ఛార్జింగ్ బండిలో అరకొక నంబరు, యంత్రానికీ అదే నంబరు, పిల్లవాడికి ఏడాదంతా అదే నంబరు. గంట కొట్టే ముందు టీచరు ఖాళీ అరలు చూసుకుంటే చాలు. కీబోర్డు మీద కీ ఊడిపోతే చివర వాడిందెవరో తెలుస్తుంది. పిల్లవాడి పని నెట్‌లో వాడి ఖాతాలో ఉంటుంది. లాగౌట్ అయ్యాక యంత్రంలో వాడి ఆనవాలు మిగలకుండా బడి ఏర్పాటు చేసుకోవచ్చు. దొంగ అంతా చెరిపేసినా, మళ్లీ నెట్ తగలగానే అది బడి అదుపులోకే వెళ్లిపోతుంది. మన పల్లెల్లో నెట్ తరచూ మొరాయిస్తుంది కాబట్టి ఖాతాల పద్ధతి సగమే నడవొచ్చు. నంబర్లకు నెట్ అక్కర్లేదు, స్టికర్లు చాలు.

తాళం కప్పల మీద పెట్టే శ్రద్ధ టెండరు కాగితం మీద పెట్టాలంటాను. ఏటా యంత్రానికి ఇంత అని మరమ్మతు సొమ్ము అందులోనే రాసి ఉండాలి. పోయిన యంత్రాన్ని ఆ సాయంత్రమే బ్లాక్ చేయించే అధికారం రాజధానిలో కాదు, మండలంలో ఎంఈఓ దగ్గర ఉండాలి. సకాలంలో ఫిర్యాదు చేసిన హెడ్మాస్టరు జీతంలోంచి పైసా కోయబోమని జీవో రావాలి. ఆ జీవోకు అయ్యే ఖర్చు కాగితం ఖర్చే.