గడ్డపు జాగిలము

మా అమ్మాయి కాపురముంటున్న జర్మనీ దేశపు స్టుట్‌గార్ట్ నగరంలోనే ఉన్న ఒక తెలుగు కుటుంబం, తాము పెంచుకొంటున్న రెండేండ్ల ష్నౌజరు కుక్కను జంతు సంరక్షణశాలకు అప్పగించాలని యోచిస్తున్నట్లు తెలిసింది. దానిమీద వారు మోపిన నేరాలు మూడు. అదేపనిగా మొరుగుతుంది, చెప్పిన మాట వినదు, పిల్లలు పరుగెత్తితే వెంటబడుతుంది. ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఆ నోరులేని జీవిపై నిలిచే నేరం కాదని నా అభిప్రాయం. ఈ మాట చెప్పడానికి నాకున్న అర్హత స్వల్పమే. మా అమ్మాయి ఇంట అదే జాతి కుక్క ఉన్నది. నేను అక్కడికి వెళ్ళినప్పుడల్లా, వీసా అనుమతించే మూడు నెలలూ దాని ప్రాతఃకాలపు నడక నా వంతు.

ష్నౌజరులలో చిన్నవి, మధ్యమములు, పెద్దవి అని మూడు రకాలు. వీటిలో మూలజాతి మధ్యమమే. తక్కిన రెండూ దాని నుండి తరువాతి కాలంలో రూపొందించినవి. మధ్యమము భుజము దగ్గర 45 నుండి 50 సెంటీమీటర్ల ఎత్తు, 14 నుండి 20 కిలోల బరువు ఉంటుంది. జర్మను భాషలో 'ష్నౌట్సె' అనగా జంతువు మూతి. ఆ మూతికి మీసము, దాని క్రింద గడ్డము, కండ్లమీదికి వ్రాలే గుబురు కనుబొమలు. చూడగానే మా చిన్ననాటి వీథిబడి పంతులుగారు గుర్తుకు వస్తారు. చాలమంది ఈ ముఖం చూసి ముచ్చటపడి కుక్కపిల్లను తెచ్చుకొంటారు. ఆ ముఖం వెనుక ఉన్న బుద్ధి ఏమిటో విచారించరు.

దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే బుద్ధి తెలుస్తుంది. దక్షిణ జర్మనీలో రైతుల పశువుల కొట్టాలలో, గుర్రపుసాలలలో ఎలుకలను పట్టడం దాని వృత్తి. అందుకే పూర్వం దానిని 'రాట్లర్' అని పిలిచేవారు. గరుకు రోమముల పిన్షరు అన్నది మరొక పేరు. సరకుల బండ్ల వెంట కాపలాగా పోవడం, రాత్రివేళ కొట్టము ముందు పండుకొని క్రొత్తవారు వస్తే యజమానిని లేపడం కూడ దాని పనులే. 1895లో పిన్షరు జాతుల కొరకు జర్మనీలో ఒక సంఘం ఏర్పడి వంశావళులు వ్రాయనారంభించింది. అంతకు ముందు తరతరాలుగా దానిని ఎన్నుకొన్నది అందము చూసి కాదు, పని చూసి. క్రొత్త అడుగుల చప్పుడు వినగానే మొరిగే కుక్కను మెచ్చుకొని, దాని సంతతినే నిలిపిన రైతులు పోయారు. ఆ గుణము పోలేదు. ఇప్పుడు నాలుగవ అంతస్తులోని వాటాలో పెట్టి, మెట్లమీద ఎవరో నడిస్తే మొరిగిందని కోపగించుకోవడం న్యాయమా?

భారతంలో ఆదిపర్వపు ఆరంభంలోనే సరమ కథ ఉన్నది. జనమేజయుని సత్రయాగశాలకు వచ్చిన కుక్కపిల్లను రాజు తమ్ములు కొట్టారు. అది హవిస్సును నాకలేదు, కనీసం కన్నెత్తి చూడనైనా లేదు. తల్లియైన సరమ వచ్చి, నిరపరాధియైన నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. ఎవరూ బదులు చెప్పలేకపోయారు. నన్నయగారు తెనుగు చేసినప్పుడు ఈ కథను వదిలిపెట్టలేదు. అంతటి గ్రంథం ఒక కుక్క వేసిన ప్రశ్నతో మొదలుకావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. పాఠం చెప్పేటప్పుడు ఈ కథ దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగేవాణ్ణి.

ఇక మాట వినదన్న నేరం. ముప్పదియేండ్ల పైచిలుకు తరగతి గదిలో గడిపినవాడిని కాబట్టి దీనిని గురించి ధైర్యంగా చెప్పగలను. ష్నౌజరు వెనుక బల్ల మీద కూర్చునే తెలివైన పిల్లవాడివంటిది. చెప్పినది ఒకటి రెండు మార్లకే గ్రహిస్తుంది. అదే పాఠం పదిమార్లు చెప్పితే విసుగుచెంది కిటికీలోనుండి బయటికి చూస్తుంది. అక్కడి కుక్కల బడిలో చెప్పే పద్ధతి ఇదే: పాఠము అయిదు నిమిషాలకు మించరాదు, చేసిన వెంటనే ఒక తినుబండారపు ముక్కో మెప్పుమాటో అందాలి, దెబ్బ పనికిరాదు. కొట్టితే ఈ జాతి కుక్క లొంగదు. మొండికెత్తుతుంది, లేదా చేతిని చూస్తేనే భయపడుతుంది. బెత్తముతో నేర్పిన వ్యాకరణము పిల్లలకు ఎంత నిలిచిందో నాతోటి ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

పిల్లకు మూడవ వారము మొదలు దాదాపు పన్నెండు, పదునాలుగు వారముల వరకు ఉన్న కాలము అన్నిటికంటె విలువైనది. ఆ వయసులో పసిపిల్లలను, ముసలివారిని, గొడుగులను, సైకిళ్ళను, ఇతర కుక్కలను భయములేకుండ చూసిన కుక్క పెద్దయ్యాక క్రొత్తవారిని చూసి కంగారుపడదు. అన్నిటికన్న ముఖ్యంగా ఇంటిల్లిపాదీ ఒకే మాటమీద ఉండాలి. అల్లుడుగారు సోఫా దిగమంటారు, మనుమరాలు ఎక్కమంటుంది, మా ఆవిడ బల్లక్రింద చపాతీ ముక్క అందిస్తుంది. కుక్క మాత్రం ఎవరి మాట వినాలి? నిజం చెప్పాలంటే మా ఆవిడ మాటే వింటున్నది.

పరుగెత్తే పిల్లల వెంటబడటం వేటకుక్కకు సహజం. ఎలుకలను తరిమిన రక్తం కదా! ఇంటిలో కుందేళ్ళను, గినీ పందులను పెంచేవారు ఈ జాతిని తెచ్చుకోకపోవడమే మేలు. పిల్లలున్న ఇంటికి మాత్రం ఇది మంచి తోడు, అయితే కుక్కకు నేర్పినంత పిల్లలకూ నేర్పాలి. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు దానిని కదపకూడదు, గడ్డము పట్టి లాగకూడదు. మరీ పసివారిని దానితో ఒంటరిగా వదలకూడదు, అది ఎంత సాధువైనా సరే.

నా దృష్టిలో అసలు లోపం నడక దగ్గర ఉన్నది. ఈ కుక్కకు రోజుకు కనీసం గంటకు పైగా నడకా పరుగూ కావాలి. దానితోపాటు ముక్కుకు, బుద్ధికి పని కావాలి. ఇంట్లో ఏదైనా దాచి వెదకమనడం చాలు, అరగంట నడకంత తృప్తి దానికి. 2022 జనవరి నుండి జర్మనీలో అమలులో ఉన్న నిబంధనల ప్రకారం కుక్కకు ఆరుబయట చాలినంత తిరుగుడు, రోజుకు పలుమార్లు మనుషుల సాంగత్యం కల్పించడం యజమాని విధి. పొద్దున ఎనిమిదికి తలుపు వేసి సాయంత్రం ఆరింటికి తీసే ఇంటిలో మొరగక ఏమి చేస్తుంది? రెండు నెలలు ఉదయసాయంకాలాలు నడిపించి, పగలు ఒకసారి ఎవరిచేతనైనా బయటికి తిప్పించి, అప్పుడు నిర్ణయించండని ఆ కుటుంబానికి మా అమ్మాయి ద్వారా చెప్పించాను.

రోమముల సంగతి చాలమందికి తెలియదు. పైపొర తీగెలవలె గరుకుగా, లోపొర మెత్తగా ఉంటుంది. 'మిరియాలు, ఉప్పు' అని పిలిచే రంగులో ఒక్కొక్క వెంట్రుకపైనా నలుపు తెలుపు పట్టెలు ఒకదాని తరువాత ఒకటి ఉంటాయి. యంత్రంతో కత్తిరిస్తే ఈ రంగు వెలిసి, రోమము మెత్తబడి, చిక్కులు పడుతుంది. పండిన రోమములను వ్రేళ్ళతో పెరికివేయడమే సరియైన పద్ధతి. సుమారు మూడు నెలలకొకమారు చేయిస్తారు. చూడడానికి క్రూరంగా తోచినా, రాలడానికి సిద్ధంగా ఉన్న వెంట్రుక కాబట్టి నొప్పి ఉండదు. మా అమ్మాయి కుక్క ఆ పని జరుగుతుండగా కునుకు తీస్తుంది. గడ్డము మాత్రం అన్నం తిన్న ప్రతిసారీ తుడవాలి, దువ్వాలి. లేకుంటే వాసన.

అక్కడ 1987 నుండి చెవులు కోయడం, 1998 నుండి తోక కత్తిరించడం నిషిద్ధం. ఇప్పుడు ఆ జాతికి నిర్ణయించిన లక్షణాలలో తోక కొడవలివలెనో కత్తివలెనో వంపు తిరిగి ఉండడం కూడ ఒకటి. కుక్కతోక వంకర అని వెక్కిరించే మన సామెతకు ఇంతకంటె మంచి జవాబు ఉండబోదు.

తిండి విషయంలో మన తెలుగు ఇండ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణములను నాశనము చేస్తాయి. సాంబారు కలిపిన అన్నం ప్రేమతో పెట్టినా విషమే. పాయసములోని కిస్‌మిస్, ద్రాక్షపండ్లు మూత్రపిండములను దెబ్బతీయగలవు. చాకొలెట్టు, చక్కెరలేని చూయింగ్ గమ్ములో వాడే జైలిటాల్ కూడ ప్రమాదకరములే. ఉడికించిన ఎముకలు పేళ్ళుగా చీలి ప్రేగులలో గుచ్చుకొంటాయి. పెరుగన్నం కొంచెం పెట్టినా తప్పులేదు గాని, దానితోనే సరిపెట్టరాదు. మాంసకృత్తులు కావాలి.

హైదరాబాదుకు తిరిగిరాదలచినవారు కుక్కను వెంట తెచ్చుకోవచ్చునా అని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. తెచ్చుకోవచ్చు, 13 నుండి 16 ఏండ్లు బ్రతికే ప్రాణిని ఇల్లు మారామని వదిలివేయడం కన్న అదే నయం. అయితే కుక్కకు మనకువలె ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దాని చల్లదనం. లోపొర దట్టంగా ఉన్న ఈ జాతికి మన వైశాఖ జ్యేష్ఠాలు కఠినమైనవి. సూర్యోదయానికి ముందే నడిపించాలి, పగలు నీడలో గాలి ఆడేచోట నీళ్ళు పెట్టి ఉంచాలి. తారురోడ్డుపై మన అరచేయి అయిదారు సెకండ్లు ఆనించి ఓర్చుకోలేకపోతే, ఆ పూటకు దానిని ఇంటి మేడమీద చీకటి పడ్డాకనే తిప్పాలి.