చిన్న బెంజి, చిన్న కేడిలాక్

‘అందుబాటు వెలకు భోగపు కారు’ అను మాట వినుటకు ఇంపుగా నుండును. విచారించి చూచినచో, అందు రెండు పరస్పర విరుద్ధములైన విషయములు ఒక్క కాడికి కట్టబడియున్నవి. భోగవస్తువునకు వెల హెచ్చు. అందుబాటు వస్తువునకు తక్కువ. ఈ రెంటిని కలుపదలచిన నిర్మాత ఏదో ఒకటి తీసివేయక తప్పదు. తీసివేసినది ఏది అనుటలోనే అట్టి కారు గుణదోషములన్నియు నిమిడియున్నవి. ప్రకటనలలో చేర్చినవాటి పట్టిక యుండును. తీసివేసినవాటి పట్టికను ఎవరును అచ్చువేయరు.

ఈ పరీక్షకు తగిన ఉదాహరణములు రెండు గలవు. దాదాపు ఒకే కాలమున, ఒకే ఇక్కట్టు నుండి పుట్టినవి. ఒకటి అమెరికాలో 1981లో వెలువడిన కేడిలాక్ సిమరాన్. రెండవది 1982 డిసెంబరులో జర్మనీలో వెలువడిన మెర్సిడెస్-బెంజి 190. జనులు దానిని ‘బేబీ బెంజి’ యని ముద్దుగా పిలిచిరి.

ఇక్కట్టు పెట్రోలుది. 1973లో అరబ్బు దేశములు చమురు సరఫరాను బిగించిన పిమ్మట, 1975లో అమెరికాలో ఒక శాసనము వచ్చెను. ఒక్కొక్క కంపెనీ అమ్ము కార్లన్నియు సగటున గాలనుకు ఇన్ని మైళ్లు నడచితీరవలెను. 1985 నాటికి ఆ సగటు 27.5 మైళ్లకు చేరవలెను. ఈ సగటు కట్టు రీతి లెక్కల ఉపాధ్యాయులకు ఆసక్తి గొల్పగలదు. గాలనుకు 20 మైళ్లు నడచు కారొకటి, 30 మైళ్లు నడచు కారొకటి అమ్మినచో సగటు 25 కాదు, 24. ఏలయన, రెండు కార్లును సమానదూరము నడచుటకు త్రాగు పెట్రోలును కూడి, ఆ మొత్తముతో మొత్తము దూరమును భాగింపవలెను. అందుచేత ఒక పెద్ద కారు చేయు నష్టమును ఒక చిన్న కారు పూర్తిగా పూడ్చజాలదు. భారీ కార్లకు పేరుపడిన రెండు సంస్థలును చిన్న కారు వైపు చూచుటకు ఇది యొక ముఖ్యకారణము.

కేడిలాక్‌ను చేయు జనరల్ మోటార్సు వారు తమ చేతనున్న చౌక కారునే ఎత్తుకొనిరి. అది షెవ్రొలే కావలియర్. దానికే తోలు సీట్లు, చల్లగాలి యంత్రము, మిశ్రలోహపు చక్రములు అమర్చి, ముందువైపున కేడిలాక్ చిహ్నమును నిలిపిరి. ఇంజను 1.8 లీటర్లది, శక్తి 88 అశ్వములు. వెల సుమారు 12 వేల డాలర్లు, అనగా కావలియర్ వెలకంటె కొన్ని వేలు అధికము. ప్రక్కనుండి చూచినచో రెండును అన్నదమ్ములని పసివానికైనను తెలియును. మొదటి సంవత్సరము 75 వేలు అమ్మవలెనని ఆశించిరి. 26 వేలైనను పోలేదు. 1985లో ఆరు సిలిండర్ల ఇంజను అమర్చి బాగుచేసిరి గాని, అప్పటికే పేరు పోయినది. 1988లో నిర్మాణము ఆగెను.

కావలియర్ చెడ్డ కారు కాదు. చౌక కారుగా అది లక్షలకొలది అమ్ముడుపోయినది. దోషము యంత్రమునందు కంటె బేరమునందే హెచ్చు. పంచదార పూసిన మాత్రమున జొన్నరొట్టె బొబ్బట్టు కాదు; జొన్నరొట్టె తనంతట తాను చక్కని యాహారమే.

బెంజి వారి పద్ధతి దీనికి తలక్రిందులు. వారు పైనుండి క్రిందికి వచ్చిరి. బ్రూనో సాకో పర్యవేక్షణలో రూపొందిన 190 కారు పొడవు 4.42 మీటర్లు, వారి మధ్యశ్రేణి కారుకంటె ఇంచుమించు 30 సెంటీమీటర్లు కురుచ, 200 కిలోగ్రాములకు పైగా తేలిక. మొదట వచ్చిన సామాన్యపు 190లో తోలు లేదు, గుడ్డ సీట్లే. కిటికీ అద్దములను చేతితో త్రిప్పుకొనవలెను. రేడియోకు వేరుగా వెల. ఇంజను శక్తి 90 అశ్వములు మాత్రమే. సంతలో నిలిపి చూచినచో సిమరానే భోగపు కారుగా తోచును!

అయితే కంటికి కనబడని చోట చేతిని బిగపట్టలేదు. వెనుక చక్రములలో ఒక్కొక్కదానిని ఐదు వేరువేరు కడ్డీలు పట్టియుంచు ఏర్పాటును ఈ చిన్న కారు కొరకే, పలు నమూనాలను పరీక్షించి కూర్చిరి. సాధారణపు కూర్పులో గుంట వచ్చి చక్రము లేచినపుడు దాని వాలు మారును, నేలమీది పట్టు సడలును. ఐదు కడ్డీలు ఒక్కొక్క దిక్కున చక్రమును అదుపులో నుంచుటచే, అది లేచినను దిగినను నిటారుగనే నిలుచును. మలుపులో అకస్మాత్తుగా బ్రేకు వేసినను తోకభాగము ప్రక్కకు జారదు. ఢీకొన్నపుడు ముందుభాగము నలిగి లోనివారిని కాపాడు నిర్మాణమును గూడ, కారు చిన్నదయ్యెనను నెపమున తగ్గింపలేదు. దీనిని కొన్నవాడు ఇరుగుపొరుగులకు చూపి మురియుటకు ఏమియు లేదు. వాననాటి రాత్రి, తడిసిన రోడ్డుమీద, అతని కుటుంబమునకు అది తెలియును.

ఇంతమాత్రమున బెంజిని పొగడి విడిచిపెట్టుట న్యాయము కాదు. వెనుక సీటు ఇరుకు. పొడుగరి కూర్చున్నచో మోకాళ్లు ముందు సీటును తాకును. ఇంటిల్లిపాది ప్రయాణమునకు అది తగినది కాదు. కావలసిన సౌకర్యములను ఒక్కటొక్కటిగా వెల యిచ్చి చేర్చుకొన్నచో మొత్తము పై శ్రేణి కారు వెలకు చేరువగును. అమెరికాలో దాని వెల 20 వేల డాలర్లకు పైబడియుండెను. కావున ‘అందుబాటు’ అను మాట అచ్చట సగము అబద్ధమే. ఇది చుక్క గుర్తునకు చెల్లించు కప్పమని విమర్శించినవారి వాదమును పూర్తిగా త్రోసిపుచ్చ వీలులేదు.

భారతదేశమునను ఇట్టి ముచ్చట యొకటి జరిగెను. 1984లో హిందుస్థాన్ మోటార్సు వారు వెలువరించిన కాంటెస్సా, బ్రిటిషు వాక్సాల్ కారు దేహము గలది. విశాలము, దర్జా గలది. కాని తొలుత దానిలో నుంచినది అంబాసిడరు నాటి 1.5 లీటర్ల ఇంజనే. ఏనుగు అంబారీకి గుఱ్ఱపుపిల్లను కట్టినట్లుండెను. ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను వచ్చిన పిమ్మటనే దాని నడక దేహమునకు తగినదయ్యెను.

పదేండ్ల పొదుపును ఒక్కనాటి బేరమున ధారపోయు గృహస్థుడు అంగడిలో తోలును తడవి చూచి సంతోషపడును. అమ్మువాడు కోరునదియు అదియే. చిహ్నమును మనస్సులోనే ఊడదీసి, ఇదే చట్రముమీద ఇంకే కారు నడచుచున్నది, దాని వెల యెంత యని అడుగుట మేలు. వెనుక సీటున అరగంట కూర్చుండి, గతుకుల బాటలో పోయి చూచుట మరియు మేలు. అట్లడిగినచో సిమరాన్‌ను అమ్మువాని యొద్ద చెప్పదగిన సమాధానము లేదు. బెంజిని అమ్మువాడు వెనుక సీటు దగ్గర మాత్రము తడబడియుండును.

1993 వరకు 190 కార్లు 18 లక్షల 79 వేలకు పైగా తయారైనవి. సిమరాన్‌లు మొత్తము మీద 1 లక్ష 32 వేలు. చిన్న కారు కొరకు కూర్చిన ఆ ఐదు కడ్డీల ఏర్పాటును 1984లో బెంజి వారు తమ పెద్ద కారునకు గూడ అమర్చిరి. సిమరాన్ నుండి పెద్ద కేడిలాక్‌లు గైకొనదగినది ఏదియు లేకపోయెను.