కంపెనీకి లేని ఎల్లలు రైతు వకీలుకెందుకు?

ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లిన రైతులెవరికైనా ఆ దృశ్యం గుర్తుంటుంది. షామియానా కింద అధికారులు, పక్కన కంపెనీవారు, చుట్టూ పోలీసులు. బల్ల మీద వందల పేజీల ఇంగ్లీషు నివేదిక. కింద మనం. భూగర్భ జలాలకు ముప్పు లేదని అందులో ఉందంటారు. నిజమో కాదో చదివి చెప్పేవారు మన పక్కన ఉండరు. కంపెనీ పక్కన మాత్రం కన్సల్టెంట్లు, ఢిల్లీ లాయర్లు, అవసరమైతే లండన్ లాయర్లూ ఉంటారు.

అందుకే, పర్యావరణ చట్టం తెలిసిన న్యాయవాదులు దేశాల ఎల్లలు దాటి ఒకరికొకరు అందుబాటులో ఉండాలన్న మాటను మనకు సంబంధం లేని పెద్దల వ్యవహారంగా చూడకూడదని మేం అంటున్నాం. అది మన బోరునీళ్ల వ్యవహారం.

జాంబియా సంగతి చూడండి. చింగోలా దగ్గరి రాగి గని వ్యర్థాల వల్ల తాగునీరు, సాగునీరు పాడయ్యాయని 1,826 మంది గ్రామస్తులు దాని మాతృసంస్థ వేదాంత మీద లండన్‌లో దావా వేశారు. నియమగిరి పోరాటం వల్ల మనకూ తెలిసిన పేరే అది. ఈ కేసు ఇక్కడ చెల్లదని కంపెనీ వాదించింది. 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు అక్కడే నడపవచ్చని తేల్చింది. కారణం గమనించాలి. గ్రామస్తులు నిరుపేదలు, అంత పెద్ద కేసు నడపగల వనరులూ అనుభవమూ ఉన్న లాయర్లు సొంత దేశంలో వారికి దొరకరు, కాబట్టి న్యాయం అందకపోయే ప్రమాదం ఉందన్నది. లాయరు దొరకకపోతే న్యాయమూ దొరకదని మనం ఎప్పటినుంచో అంటున్న మాటే ఇది.

నైజీరియాలోని బోడో గ్రామం 2008లో షెల్ పైపులైను లీకులతో దెబ్బతింది. చేపలు పట్టేవారు, రైతులు కలిసి లండన్‌లో కేసు వేస్తే 2015 జనవరిలో కంపెనీ 5.5 కోట్ల పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

అన్నీ గెలుపులే కావు. పెరూ దేశంలో వారాజ్ పట్టణానికి చెందిన రైతు సౌల్ లూసియానో యూయా, కరిగే మంచు వల్ల పైనున్న సరస్సు తెగి తన ఇంటిని ముంచుతుందని, ప్రపంచ కాలుష్యంలో 0.47 శాతం వాటా ఉన్న జర్మనీ విద్యుత్ కంపెనీ ఆర్‌డబ్ల్యూఈ రక్షణ ఖర్చులో అంతే వాటా భరించాలని 2015లో జర్మనీలో దావా వేశారు. అడిగింది సుమారు 17 వేల యూరోలు. 2025 మే 28న హమ్ నగరంలోని కోర్టు కేసు కొట్టేసింది, ఆయన ఇంటికి ముప్పు తగినంత లేదని. కానీ పెద్ద కాలుష్యకారులను అలా బాధ్యులను చేయడం సూత్రప్రాయంగా సాధ్యమేనని అదే తీర్పులో చెప్పింది. పదేళ్లు జర్మనీ న్యాయవాది, అక్కడి పర్యావరణ సంస్థ వెన్నంటి ఉండబట్టే ఆ మాట తీర్పులోకి ఎక్కింది.

ఇలాంటి ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. 1989లో పది దేశాల న్యాయవాదులు మొదలుపెట్టిన ఎన్విరాన్‌మెంటల్ లా అలయన్స్ వరల్డ్‌వైడ్‌లో శాస్త్రవేత్తలూ పనిచేస్తారు. పర్యావరణ ప్రభావ నివేదికల్లోని లోపాలను స్థానిక లాయర్లకు వివరిస్తారు. మనకు కావలసిన సాయం సరిగ్గా ఇదే.

అయితే మాకో పేచీ ఉంది. ఇంగ్లీషు వచ్చిన పెద్ద కోర్టుల లాయర్లు ఏడాదికోసారి కలుసుకుంటే అది వారి సంఘం అవుతుంది గానీ మనది కాదు. మండల కేంద్రంలో మన కేసులు చూసే జూనియర్ లాయరుకు అందులో చోటుండాలి. పట్టా లేని కౌలురైతు, పేరు మీద సెంటు భూమి లేని మహిళారైతు, పోడు చేసే ఆదివాసీ చెప్పే నష్టం కూడా నష్టంగా లెక్కకు రావాలి. కాగితాలు తెలుగులోకి రావాలి.

మన జాతీయ హరిత ట్రిబ్యునల్‌నే చూడండి. పరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు వెయ్యి రూపాయలే. కానీ మన బెంచి చెన్నైలో ఉంది. పర్యావరణ అనుమతిపై అప్పీలుకు గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. అనుమతి వచ్చిందని ఊరికి తెలిసేలోపే సగం గడువు పోతుంది.

విదేశీ లాయర్లతో పనేమిటని కొందరు అడుగుతారు. విదేశీ పెట్టుబడికి ఎర్రతివాచీ పరిచి, విదేశీ సలహాను మాత్రం అనుమానించడం ఏం న్యాయం? మనం అడిగేది వారి డబ్బు కాదు, తెలివిడి. ఏం చేయాలో నిర్ణయించేది మాత్రం గ్రామసభే.

కోర్టు ఒక్కటే గెలిపించదని కూడా మనకు తెలుసు. సోంపేట బీలను కాపాడుకోవడానికి 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలిచ్చారు. ఆ నెలలోనే అప్పటి జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ థర్మల్ కేంద్రం అనుమతిని రద్దు చేసింది. వీధిలో జనం, కోర్టులో కాగితం రెండూ నిలబడితేనే ఆ బీల నిలిచింది.

కాబట్టి సంఘం శాఖలకు మా సూచనలు ఇవి. ప్రతి జిల్లాలో ఇద్దరు లాయర్లను, ఒక సైన్సు అధ్యాపకుణ్ణి గుర్తించి ఇలాంటి సంస్థలతో కలపాలి. బావినీటి పరీక్షలు, పంటనష్టం ఫొటోలు తేదీలతో పుస్తకంలో రాసి ఉంచాలి. సాక్ష్యం లేని లాయరు విత్తనం లేని రైతు లాంటివాడు. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. ఇవి 2006 నోటిఫికేషన్ ఇచ్చిన హక్కులు, గట్టిగా అడగాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు న్యాయసేవాధికార సంస్థ ఉచిత న్యాయసాయం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. వాడుకోవాలి.

కంపెనీ తన లాయర్లను ముందే పెట్టుకునే ఊళ్లోకి వస్తుంది. మనం బోరు ఎర్రబడ్డాక వెతుక్కుంటున్నాం. ఆ తేడా పోవాలి.