పీకుడు వేరు, పట్టేయడం వేరు

రాత్రిపూట కాళ్ల బాధ ఒక జబ్బు కాదు, అనేక జబ్బుల ఉమ్మడి చిరునామా. అన్నిటికీ ఒకే మాత్ర మింగడమే అసలు సమస్య.

తెలుగిళ్లలో రాత్రి తొమ్మిది దాటాక తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: 'కాళ్లు పీకేస్తున్నాయి.' దానికి జరిగే వైద్యం కూడా దాదాపు అన్నిచోట్లా ఒకటే. బామ్ రాసుకోవడం, పిల్లలచేత కాళ్లు తొక్కించుకోవడం, పాత చీర ముక్కతో పిక్కలు బిగించి కట్టుకోవడం. అప్పటికీ తగ్గకపోతే వీధి చివరి మందుల షాపు నుంచి ఓ నొప్పి మాత్ర. తెల్లారేసరికి బాధ ఉండదు కాబట్టి డాక్టర్ దగ్గరకు వెళ్లే ప్రసక్తే రాదు. మళ్లీ రాత్రవుతుంది.

నిజానికి ఈ బాధను చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. పిక్క పట్టేస్తుంది. కాళ్లు పీకుతాయి, లాగుతాయి. పాదాలు మండుతాయి, తిమ్మిరెక్కుతాయి. సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి. ఇవన్నీ ఒకే బాధకు పర్యాయపదాలు కావు. చాలావరకు ఒక్కో మాట వెనక ఒక్కో కారణం ఉంటుంది. కానీ డాక్టర్ ముందు కూర్చునేసరికి అన్నీ కలిసి 'కాళ్ల నొప్పులండీ' అనే రెండు ముక్కలైపోతాయి. చీటీ మీదా అందరికీ అదే మాత్ర పడుతుంది.

మొదట పట్టేయడం సంగతి. గాఢనిద్రలో ఉండగా పిక్క ఒక్కసారిగా రాయిలా గట్టిపడుతుంది. ప్రాణం పోయినంత పనై, కొన్ని సెకన్లకో నిమిషాలకో వదులుతుంది. జనం 'నరం పట్టేసింది' అంటారు గానీ బిగుసుకునేది కండరమే. వయసు మళ్లినవారిలో, గర్భిణుల్లో ఇది ఎక్కువ. రక్తపోటుకు వాడే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు, కొన్ని రకాల ఉబ్బసం ఇన్‌హేలర్లు కూడా దీన్ని పెంచవచ్చు. పట్టేసినప్పుడు మోకాలు చాపి పాదాన్ని తనవైపు లాగితే కండరం సడలుతుంది. పడుకునే ముందు పిక్కలు, తొడ వెనక కండరాలు సాగదీసే వ్యాయామం చేస్తే ఇలాంటి రాత్రులు తగ్గుతాయని 55 ఏళ్లు దాటినవారిపై నెదర్లాండ్స్‌లో జరిపిన ఓ అధ్యయనం 2012లో తేల్చింది. దానికి ఖర్చు లేదు, కావలసింది ఓ గోడ, రోజూ కొద్ది నిమిషాలు.

మాత్రల చరిత్ర మాత్రం అంత బాగాలేదు. మలేరియాకు వాడే క్వినైన్‌ను ఈ బాధకు దశాబ్దాలపాటు మింగారు. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం, గుండె లయ తప్పడం వంటి ప్రమాదాల దృష్ట్యా ఈ అవసరానికి చీటీ లేకుండా దాన్ని అమ్మడాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1994లో నిషేధించింది. ఇప్పుడు ప్రచారంలో ఉన్న మెగ్నీషియం మాత్రలతోనూ పెద్దవారికి చెప్పుకోదగ్గ ఫలితం ఉండకపోవచ్చని 2020 నాటి కాక్రేన్ సమీక్ష పేర్కొంది.

ఇక పీకడం. ఇందులో కండరం గట్టిపడదు. పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టు, లోపలి నుంచి లాగుతున్నట్టు ఉంటుంది. కదిలించకుండా ఉండలేరు. లేచి నాలుగడుగులు వేస్తే హాయి, పడుకుంటే మళ్లీ మొదలు. వైద్యులు దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. 17వ శతాబ్దంలోనే బ్రిటిష్ వైద్యుడు థామస్ విల్లిస్ దీన్ని వర్ణించారు. ఈ పేరు పెట్టింది మాత్రం స్వీడన్‌కు చెందిన కార్ల్ ఎక్‌బామ్, 1945లో. సమస్య మూలం కాళ్లలో కాదు, మెదడులో ఉంది. అక్కడ ఇనుము తగ్గడం, దాంతో డోపమైన్ అనే రసాయనం పని గాడి తప్పడం ప్రధాన కారణాలని భావిస్తున్నారు. అందుకే నొప్పి మాత్రతో ఇది లొంగదు.

ఈ జబ్బు పురుషుల కన్నా స్త్రీలలో దాదాపు రెట్టింపు. గర్భిణుల్లో, ముఖ్యంగా చివరి నెలల్లో మరీ ఎక్కువ. ఇనుము లోపం విషయంలో మన దేశం పరిస్థితి తెలిసిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు సర్వేలో (2015-16) అది 53 శాతం. అంటే తగ్గాల్సింది పెరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ సగానికి పైగా స్త్రీలది ఇదే స్థితి. రక్తహీనతకు కారణం అన్నిసార్లూ ఇనుము లోపమే కాదు. కానీ పెద్ద కారణాల్లో అదొకటి. పగలంతా పనిచేసి, అందరూ తిన్నాక మిగిలింది తిని పడుకునే ఇల్లాలు కాళ్లు పీకుతున్నాయంటే, ఇంటిల్లిపాదీ అలసట అని సర్దిచెబుతారు. ఆమె కూడా అదే నమ్ముతుంది.

తేల్చుకోవడానికి ఓ రక్తపరీక్ష ఉంది. హిమోగ్లోబిన్ చూస్తే చాలదు. శరీరంలో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ చూడాలి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నిల్వలు అడుగంటి ఉండొచ్చు. మామూలు మనిషికి సరిపోయే ఫెరిటిన్ స్థాయి ఈ జబ్బు ఉన్నవారికి చాలదు. మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు లేదా అంతకన్నా తక్కువ ఉంటే పెద్దలకు ఇనుము ఇవ్వడాన్ని పరిశీలించాలని అమెరికన్ అకాడెమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025 మార్గదర్శకాలు సూచించాయి. చాలాకాలం మొదటి మందుగా రాసిన ప్రామిపెక్సోల్, రోపినిరోల్ మాత్రలను మామూలుగా వాడొద్దనీ అవే చెప్పాయి. మొదట్లో అద్భుతంగా పనిచేసే ఈ మాత్రలు ఏళ్లు గడిచేకొద్దీ జబ్బును ముదరబెడుతున్నట్టు తేలింది. అయితే వీటిని ఇప్పటికే వాడుతున్నవారు సొంతంగా ఒక్కసారిగా మానేయకూడదు. ఇనుము మాత్రలు టీ, కాఫీలతో వేసుకుంటే ఒంటబట్టవు. పురుషుల్లో, నెలసరి ఆగిన స్త్రీలలో ఇనుము తగ్గితే లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో కూడా చూడాలి.

మూడోది మంట. పాదాలు మండుతూ, సూదులు గుచ్చినట్టుండి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది నరాల దెబ్బ. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. ఈ బాధతోనే తమకు షుగర్ ఉందని తొలిసారి తెలుసుకునేవారూ ఉన్నారు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో, శాకాహారుల్లో బి12 విటమిన్ తగ్గినా ఇలాగే ఉంటుంది. అందుకే షుగర్ అదుపులో ఉన్నా మంట తగ్గకపోతే బి12 పరీక్ష అడగాలి.

మిగిలిన రెండూ రక్తప్రసరణకు సంబంధించినవి. అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. సాయంత్రానికి కాళ్లు బరువెక్కి, ఎత్తున పెట్టుకుంటే తేలికపడితే సిరల సమస్య. గంటల తరబడి నిలబడి పనిచేసేవారిలో ఇది ఎక్కువ. బట్టల దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు కల్పిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయంటే కారణం ఈ కష్టమే. అలాకాక, పడుకుంటే పాదం నొప్పి పెరిగి, మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తే తగ్గితే అది ధమనుల్లో అడ్డంకికి సంకేతం. బీడీ, సిగరెట్ తాగేవారు, మధుమేహులు దీన్ని అస్సలు ఉపేక్షించకూడదు. చీలమండ, చేతి రక్తపోటులను పోల్చే తేలికపాటి పరీక్షతో దీన్ని చాలావరకు పసిగట్టవచ్చు. ఆలస్యం చేస్తే కాలే పోవచ్చు.

ఒకే కాలు హఠాత్తుగా వాచి, వేడెక్కి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమోనని ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఆయాసం తోడైతే క్షణం ఆగకూడదు. కాలు చల్లబడి పాలిపోయినా అంతే. పిల్లల్లో రెండు కాళ్లూ అప్పుడప్పుడు రాత్రి నొప్పిపెట్టి పొద్దున్నకు మామూలైపోతే సాధారణంగా భయం లేదు. ఒకే కాలు నొప్పి, జ్వరం, కుంటడం ఉంటే చూపించాల్సిందే.

వీటిలో దేనికీ డైక్లోఫెనాక్ లాంటి మాత్ర వైద్యం కాదు. రోజూ మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు చేటు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి కిడ్నీ జబ్బుల ప్రాంతాల్లో ఆ ముప్పు మరీ ఎక్కువ. పైగా కిడ్నీలు దెబ్బతిన్నవారిలో కాళ్లు పీకే జబ్బు సాధారణం. నొప్పికని వేసుకున్న మాత్ర కొత్త పీకుడు తెచ్చిపెట్టవచ్చన్నమాట.

కావలసింది ఓ చిన్న కాగితం. వారం రోజులు రాసుకోవాలి: బాధ ఎన్నింటికి మొదలైంది, ఒక కాలా రెండా, నడిస్తే తగ్గిందా, కాలు ఎత్తితే తగ్గిందా దించితేనా, వాడుతున్న మందులేమిటి. డాక్టర్ దగ్గర 'నొప్పి' అనకుండా, ఇంట్లో అనే మాటే అనాలి. పీకుతోందా, పట్టేస్తోందా, మండుతోందా అన్నది చెబితే రోగ నిర్ధారణ సగం అయిపోయినట్టే.