ప్రాసిక్యూటరు జడ్జి అయితే న్యాయం జరుగుతుందా?

మొన్న ఆంధ్రా భవన్ క్యాంటీన్లో భోజనం చేస్తుండగా, ద్వారకాలో ఉండే మిత్రుడొకాయన ఒక ప్రశ్న వేశారు. "ఏళ్ల తరబడి పోలీసుల పక్షాన నిలబడి శిక్ష వెయ్యమని వాదించిన మనిషిని హైకోర్టు జడ్జిని చేస్తే, ముద్దాయికి న్యాయం దొరుకుతుందటండీ?" పక్కనున్నాయన వెంటనే అందుకున్నారు. "ఉగ్రవాదుల కేసులు నడిపిన వాళ్లకంటే అర్హులెవరండీ?" ఇద్దరూ హేతువాదులే. ఇద్దరూ సాక్ష్యం చూడకుండానే తీర్పు చెప్పేశారు.

చూడాలనుకుంటే ఉదాహరణ ఢిల్లీలోనే ఉంది. జస్టిస్ ముక్తా గుప్తా 1993 నుంచి ఢిల్లీ హైకోర్టులో ప్రభుత్వం తరఫున అదనపు పబ్లిక్ ప్రాసిక్యూటరు, 2001 నుంచి క్రిమినల్ కేసుల స్టాండింగ్ కౌన్సెల్. పార్లమెంటుపై దాడి, ఎర్రకోట కాల్పులు, జెస్సికా లాల్ హత్య వంటి కేసుల్లో ప్రాసిక్యూషన్ తరఫున వాదించారు. 2009లో అదే హైకోర్టుకు జడ్జి అయ్యారు. 2023 జూన్‌లో పదవీ విరమణకు ముందు ఒకే రోజున ఆమె ధర్మాసనాలు 65 తీర్పులు వెలువరించాయి. అందులో ఒకటి పన్నెండేళ్ల పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి చంపిన కేసు. కింది కోర్టు వేసిన మరణశిక్షను తీసేసి, ఇరవై ఏళ్లదాకా విడుదల లేని యావజ్జీవంగా మార్చారు.

దీంతో ద్వారకా మిత్రుడి వాదన వీగిపోయిందా? లేదు. ఫలించిన ఒక్క జోస్యాన్ని చూపించి జ్యోతిష్యం నిజమంటే మనం ఒప్పుకుంటామా? ఒక్క తీర్పుతో మనిషి నిష్పక్షపాతం కూడా రుజువు కాదు. అలాగని వృత్తిని బట్టి మనిషి బుద్ధిని చెప్పెయ్యడం, రాశిని బట్టి ఫలితం చెప్పడం కన్నా మెరుగేమీ కాదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. రాజ్యాంగం 217వ అధికరణం ప్రకారం హైకోర్టు జడ్జి భారత పౌరుడై ఉండాలి. పదేళ్లు న్యాయాధికారిగా పనిచేసి ఉండాలి, లేదా పదేళ్లు హైకోర్టులో న్యాయవాదిగా ఉండాలి. అంతే. జిల్లా జడ్జి పదవికి ఏడేళ్ల వకాల్తా కావాలి. జీతం తీసుకునే ప్రాసిక్యూటరు న్యాయవాదే కాదంటూ హర్యానాలో కొందరు జిల్లా జడ్జీల నియామకాలను పంజాబ్ హర్యానా హైకోర్టు కొట్టేసింది. దీపక్ అగర్వాల్ కేసులో 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. కోర్టులో నిలబడి వాదించేవాడు ఎవరి జీతం తీసుకున్నా న్యాయవాదేనంది. నా మటుకు అది సబబే. పైగా పబ్లిక్ ప్రాసిక్యూటరు పని ఎలాగైనా శిక్ష వేయించడం కాదు, ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యాన్ని కూడా కోర్టు ముందు పెట్టడం.

కాబట్టి అర్హత ఉంది. తగునా అన్నది వేరే ప్రశ్న. మహేశ్ చంద్ర గుప్తా కేసులో 2009లో సుప్రీంకోర్టు ఈ రెంటినీ విడదీసింది. అర్హతను కోర్టు పరిశీలించవచ్చు, యోగ్యతను మాత్రం నియమించేవారికే వదిలెయ్యాలని చెప్పింది. 2023 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు నియామకం మీద వచ్చిన పిటిషన్లను కూడా ఇదే తర్కంతో కొట్టేసింది.

నా అభ్యంతరమల్లా ఇక్కడే. ఆ యోగ్యతను తూచే కొలీజియం తలుపులు మూసుకుని తూస్తుంది. 2009లో ఒక ప్రాసిక్యూటరును ఏ కారణాలతో ఎంచుకున్నారో జనానికి చెప్పే ఆనవాయితీయే లేదు. కొలీజియం తీర్మానాలు వెబ్‌సైటులో పెట్టడం 2017 అక్టోబరులో గాని మొదలు కాలేదు. 2015లో జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను కొట్టేసినప్పుడు, ఈ చీకటిని ఎత్తిచూపుతూ ధర్మాసనంలో విభేదించింది మన తెలుగువాడైన జస్టిస్ చలమేశ్వర్ ఒక్కరే.

అమెరికాలో ఫెడరల్ అప్పీలు కోర్టుకు నామినేట్ అయిన ప్రాసిక్యూటరు సెనేట్ కమిటీ ఎదుట బహిరంగంగా కూర్చుని జవాబులు చెప్పాలి. అక్కడ అది పార్టీల కుస్తీగా మారుతుందన్నది నిజమే. ఆ కుస్తీ మనకొద్దు. కాని ప్రశ్నలడగడానికి కుస్తీ అక్కర్లేదు కదా. ఈ ప్రాసిక్యూటరు నిలవని కేసును ఎప్పుడైనా ఉపసంహరించుకోమన్నారా? ముద్దాయికి పనికొచ్చే కాగితాన్ని ఎప్పుడైనా దాచారా? పోలీసుల మాటకు ఎదురు చెప్పిన సందర్భం ఒక్కటైనా ఉందా? వీటికి జవాబులు రికార్డుల్లోనే దొరుకుతాయి. వెతికి, ఒక పేజీలో రాసి, పేరుతోపాటు బయటపెడితే చాలు.

విచారణ ఖైదీగా లోపల ఉన్నవాడికి తన బెయిలు ఎవరి చేతిలో ఉందో, ఆ మనిషిని ఎందుకు కూర్చోబెట్టారో తెలుసుకునే హక్కు లేదా? "మేం పెద్దలం, చూసే ఎంచాం, నమ్మండి" అంటున్నారు. బాబాలు అదే మాటంటే మనం రుజువు అడుగుతాం. జడ్జీల విషయంలోనూ అడగాల్సిందే.